ముందు మనిషి, తర్వాత బజారు

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి హైదరాబాద్ అబిడ్స్‌లో నెహ్రూ విగ్రహం చుట్టూ బండి తిప్పుకోవడమే గగనమైపోతుంది. ఈ వీధులకు క్రిస్మస్ కొత్త కాదు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు ఇక్కడ 1834లోనే మొదలైంది. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ 1875 క్రిస్మస్‌కి తలుపులు తెరిచింది. చాపెల్ రోడ్డులో స్టాన్లీ గర్ల్స్ హైస్కూలు ఉంది. అటు కోఠి నుంచి, ఇటు నాంపల్లి స్టేషన్ నుంచి జనం వచ్చిపడుతుంటారు. స్టార్లు కొనేవాళ్లు, పిల్లల బట్టలు కొనేవాళ్లు, కేకులకు ఆర్డరు ఇచ్చేవాళ్లు.

ఆ జనంలో చాలామంది చేతిలో పది పన్నెండు పేర్ల చీటీ, జేబులో కొంత డబ్బు, ఇంటికి తిరిగి వెళ్లాలనే తొందర ఉంటాయి. ఈ మూడింటితో దుకాణంలోకి అడుగు పెట్టినవారు ఏం కొంటారో ఇట్టే చెప్పవచ్చు. మగవాళ్లకు ప్యాంటు షర్టు పీసు, ఆడవాళ్లకు చీర, కొత్త జంటకు దుప్పట్ల సెట్టు, పిల్లలకు చప్పుడు చేసే బొమ్మ. షర్టు పీసు బీరువా పై అరలోకి వెళ్తుంది. ఏడాది తిరక్కుండానే అదే కవరుతో ఇంకెవరి గృహప్రవేశానికో బయల్దేరుతుంది. ఇచ్చినవారిది చెడ్డ మనసేం కాదు. పేరు రాసుకున్నారు కానీ ఆ పేరుగల మనిషి గురించి రెండు నిమిషాలు ఆలోచించలేదు, అంతే.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1993లో క్రిస్మస్ కానుకల మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. మీకు వచ్చిన వస్తువు ఖరీదు ఎంత ఉండొచ్చు, మీరే కొనుక్కోవాల్సి వస్తే దానికి ఎంత పెట్టేవారు అని విద్యార్థులను అడిగాడు. పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా విలువ చేతులు మారేటప్పుడే పోతోందని లెక్క తేల్చాడు. స్నేహితులు ఇచ్చిన వాటిలో ఆ నష్టం తక్కువ, దూరంగా ఉండే బంధువులు ఇచ్చిన వాటిలో ఎక్కువ. దగ్గరగా ఉన్నవారికి మన ఇష్టాయిష్టాలు తెలుసు, దూరంగా ఉన్నవారికి తెలియవు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందు మనిషి, తర్వాత బజారు. ప్రేమించినవారి పేరు మీద చేసే దానానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక నోటుపుస్తకం, మూడు ప్రశ్నలు

నవంబరులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. మీరు కానుక ఇవ్వాలనుకునే ఒక్కొక్కరికీ ఒక పేజీ ఇవ్వండి. ప్రతి పేజీలో మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

మొదటిది: ఈ ఏడాది ఈ మనిషి దేని గురించి సణిగారు? మనవాళ్లు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగరు. ఇబ్బందిని మాత్రం పదిసార్లు చెప్పుకుంటారు. అమ్మమ్మ ‘ఈ బైబిల్లో అక్షరాలు ఆనడం లేదమ్మా’ అంటుంది. మామయ్య ‘స్కూటరు మీద పొద్దున్నే వెళ్తుంటే చెవులు జిల్లుమంటున్నాయి’ అంటారు. వదిన ‘కుక్కరు గాస్కెట్ మార్చాలి, మార్చాలి’ అంటూనే ఉంటుంది. పెద్ద అక్షరాల బైబిలు, చెవులు కప్పే మంచి ఉన్ని టోపీ, కొత్త కుక్కరు. మూడూ వాళ్ల నోటి నుంచే వచ్చాయి.

రెండోది: రోజూ ఏం చేస్తారు? రోజూ చేసే పనిని కాస్త సులువు చేసే వస్తువు అలమరలోకి పోదు. పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచే తాతయ్యకు మెత్తటి అడుగున్న చెప్పులు, రాత్రిపూట చదువుకునే కోడలికి పుస్తకానికి తగిలించే చిన్న దీపం.

మూడోది: తనకోసం తాను ఎప్పటికీ కొనుక్కోనిది ఏమిటి? ఇంట్లో అందరికీ పెట్టి తను చివర్న తినే అమ్మకు, పిల్లల ఫీజులు కట్టి తన కళ్లజోడు మార్చడం వాయిదా వేసే నాన్నకు ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది. కంటి పరీక్షకు మీరే వెంటబెట్టుకుని వెళ్లి కొత్త అద్దాలు వేయించండి. క్రిస్మస్ రోజు ఆరాధనలో పాటల పుస్తకం చూసి ఆయన పాడగలిగితే అంతకన్నా కావలసింది లేదు.

మూడింటికీ జవాబు దొరకని పేజీ ఏదైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి. అడిగితే కానుక విలువ తగ్గిపోతుందని మనలో చాలామంది అనుకుంటాం. ఫ్రాన్సెస్కా జినో, ఫ్రాన్సిస్ ఫ్లిన్ 2011లో ప్రచురించిన అధ్యయనం దానికి సరిగ్గా వ్యతిరేకంగా తేల్చింది. ఇచ్చేవాళ్లు తాము సొంతంగా ఆలోచించి కొన్నదే అవతలివారికి ఎక్కువ నచ్చుతుందనుకుంటారు. పుచ్చుకునేవారికి మాత్రం తాము అడిగింది అందినప్పుడే ఎక్కువ సంతోషం. ‘అత్తయ్యా, ఈసారి నీకు చీర తేవాలా, లేక ఇంట్లోకి ఏదైనా పనికొచ్చేది తేవాలా?’ అని ఫోన్లో అడగడంలో తప్పేం లేదు. ఏమీ వద్దు నాయనా అంటుంది. రెండోసారి అడగండి. అప్పుడు చెబుతుంది.

అబిడ్స్‌లో ఎవరికి ఏమిటి

నోటుపుస్తకం నిండాకే బజారుకు బయల్దేరండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్లే ఈ ప్రాంతానికి అబిడ్స్ అనే పేరు వచ్చింది. ఒక దుకాణదారుడి పేరు మోస్తున్న చోటు ఇది. ఇక్కడ దొరకనిది లేదు కాబట్టే, ఏం కావాలో తెలియకుండా వెళ్లేవారి చేతికి ఏదో ఒకటి అంటగడుతుంది.

పుస్తకాలు చదివేవారికి ఆదివారం అబిడ్స్‌ని మించింది లేదు. షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. కాస్త పొద్దున్నే వెళ్లండి. ఎవరికోసం వెతుకుతున్నారో ఆ ఒక్కరినే మనసులో పెట్టుకోండి. ఫలానా రచయిత అంటే నాన్నకు ప్రాణం, వంటల పుస్తకం పాతదైతే పిన్నికి ఇంకా ఇష్టం, తమ్ముడు చిన్నప్పుడు పోగొట్టుకున్న బొమ్మల కథల పుస్తకం ఇది. ఇలా వెతికితే చేతికి తగులుతుంది. కొనేముందు మధ్య పేజీలు ఉన్నాయో లేదో, చివరి ఫారం ఊడిపోయిందేమో తిరగేసి చూసుకోండి. ఇంటికి తెచ్చాక రెండు రోజులు ఎండ తగిలే చోట ఉంచి దుమ్ము దులపండి. మొదటి పేజీలో తేదీ వేసి, ఇది ఎందుకు తనకే కొన్నారో రెండు వాక్యాలు రాయండి. వంద రూపాయల పుస్తకం అలా చిరకాలం ఉంచుకునే కానుకవుతుంది.

ఇల్లు అందంగా సర్దుకునేవారికి, విదేశాల నుంచి సెలవులకు వచ్చినవారికి గన్‌ఫౌండ్రీ వైపు ఉన్న ప్రభుత్వ హస్తకళల ఎంపోరియం చూడండి. పెంబర్తి ఇత్తడి పని, కరీంనగర్ వెండి తీగ పని, చేర్యాల నకాషీ బొమ్మలు, పొణికి కర్రతో చేసిన నిర్మల్ బొమ్మలు. పోచంపల్లి ఇక్కత్ దుప్పటి గానీ చీర గానీ కొంటే నేసిన ఇంటికి కూడా ఆ పండక్కి నాలుగు రాళ్లు చేరతాయి. కొన్నప్పుడు అది ఏ ఊరిదో, ఎలా చేస్తారో అడిగి ఒక చిన్న కాగితం మీద రాసి లోపల పెట్టండి. తీసుకున్నవారు ఇంటికొచ్చిన ప్రతివారికీ ఆ సంగతి చెప్పుకుంటారు.

తినేవాటి కోసం మొజంజాహీ మార్కెట్ ఉండనే ఉంది. ఏడో నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టించిన రాతి మార్కెట్ అది. పక్కనే కరాచీ బేకరీ 1953 నుంచి నడుస్తోంది. ఊరికి వెళ్లేటప్పుడు ఇక్కడి ఫ్రూట్ బిస్కెట్లు పట్టుకెళ్లడం హైదరాబాద్ వాళ్లకు అలవాటే. అయితే షుగరు ఉన్న పెద్దాయనకు బిస్కెట్ల డబ్బా పంపితే ఆయన మీ కళ్ల ముందే మనవలకు పంచేస్తారు. ఆయనకు మార్కెట్లో మంచి జామపండ్లు ఏరి పంపండి.

ఇరుగుపొరుగుకు కేకు పంచేటప్పుడు ఒక జాగ్రత్త. ప్లమ్ కేకుకు వాడే ఎండు పండ్లను చాలా బేకరీలు రమ్‌లో నానబెడతాయి. ముస్లిం ఇంటికి పంపేదైతే మద్యం కలవలేదని బేకరీలో అడిగి నిర్ధారించుకోండి. గుడ్డు తినని ఇంటికి ఎగ్‌లెస్ కేకు వేరే పెట్టెలో పెట్టి, పెట్టె మీద ఆ మాట రాయండి. ఆ పెట్టె అందుకున్నవారు రుచి కంటే ముందు ఈ శ్రద్ధనే గుర్తుపెట్టుకుంటారు.

డబ్బుతో కొనలేనివి

క్రిస్మస్‌కి మన ఇళ్లలో కజ్జికాయలు, అరిసెలతో పాటు గులాబీ పూలు చేస్తారు. ఇంట్లో ఒక పెద్దమ్మకే అవి బాగా వస్తాయి. మిగతావాళ్లు ఆమె పంపితే తింటారు. ఈసారి ఆమెకు ఏం కొనాలా అని ఆలోచించకండి. ఒక మధ్యాహ్నం వెళ్లి ‘పెద్దమ్మా, నాకు నేర్పవా?’ అని పొయ్యి దగ్గర కూర్చోండి. ఇనుప అచ్చును ముందు కాగే నూనెలో ఉంచి బాగా వేడెక్కనిస్తుంది. తర్వాత పిండిలో ముంచుతుంది, పై అంచు మాత్రం మునగనివ్వదు. మునిగితే పిండి అచ్చు మీదుగా కప్పేసి పువ్వు ఊడి రాదు. నూనెలో రెండు క్షణాలు ఉంచి అచ్చును సన్నగా కదుపుతుంది, పువ్వు జారి తేలుతుంది. మీ మొదటి నాలుగు పువ్వులు విరిగిపోతాయి. ఆమె నవ్వి, పిండిలో ఇంకాస్త నీళ్లు పొయ్యమంటుంది. వయసు మళ్లినవారికి తమ దగ్గర నేర్చుకోదగ్గది ఇంకా ఉందని తెలియడం కంటే పెద్ద కానుక దొరకదు. వచ్చేటప్పుడు ఆమె కొలతలు రాసుకుని రండి. ఆమె పేరుతో ఆ కాగితాన్ని కుటుంబంలో అందరికీ పంచండి.

పిల్లలకు కూడా వస్తువు ఒక్కటి చాలు, మిగతాది సమయంగా ఇవ్వండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. సంగీతం, నాట్యం, బొమ్మలు వేయడం లాంటివి పిల్లలకు నేర్పుతారు. మేనకోడలికి రంగుల పెట్టె కొనివ్వండి. దాంతో పాటు అక్కడ చేర్పించి, మొదటి నెల మీరే తీసుకెళ్లే పూచీ పడండి. మామయ్య బండి మీద వెళ్లిన ఆ రోజులు పిల్లకు గుర్తుండిపోతాయి.

ఇక ఇంట్లో పనిచేసే మనిషి సంగతి. ఆమెకు ఇవ్వాల్సింది డబ్బు. జీతంతో కలపకుండా వేరే కవరులో పెట్టి, పేరు రాసి, పండగకు వారం ముందే చేతికివ్వండి. ఆమె పిల్లలకు బట్టలు కుట్టించాలన్నా, ఊరికి వెళ్లాలన్నా వారం ముందు అందితేనే పనికొస్తుంది. మీరు కట్టి వదిలేసిన చీరను క్రిస్మస్ కానుక లెక్కలో వేయకండి. వాచ్‌మన్, చెత్తబండి అబ్బాయి, చర్చిలో బెంచీలు తుడిచే తాత కూడా మీ నోటుపుస్తకంలో ఉండాలి.

పేరు మీద దానం ఎప్పుడు కానుకవుతుంది

‘మీ పేరు మీద ఫలానా ఆశ్రమానికి రెండు వేలు ఇచ్చాం’ అని కార్డు పంపడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. మంచి పనే. కానీ అందుకున్నవారికి కొన్నిసార్లు అది తమకు సంబంధం లేని రసీదులా కనిపిస్తుంది. ఎందుకంటే ఆ సేవ ఇచ్చినవారికి ఇష్టమైనది, పుచ్చుకున్నవారికి ఇష్టమైనది కాదు.

పేరు మీద దానం ఎలా ఉండాలో నాంపల్లి పక్కనే రెడ్‌హిల్స్‌లో కనిపిస్తుంది. మొజంజా భార్య యువరాణి నీలోఫర్ దగ్గర రఫత్ అనే పరిచారిక ఉండేది. ఆమె ప్రసవంలో చనిపోయింది. వైద్యం అందక ఇంకో తల్లికి అలా జరగకూడదని నీలోఫర్ పట్టుబట్టింది. తల్లులకూ పిల్లలకూ ఒక ఆస్పత్రి కోసం పూనుకుంది. 1953లో మొదలైన నీలోఫర్ ఆస్పత్రికి ఇవాళ కూడా జిల్లాల నుంచి పసిపిల్లలను ఎత్తుకొస్తారు. ఆ ఆస్పత్రికి ఒకే ఒక్క మనిషి మీది ప్రేమ పునాది. రఫత్‌కు ఏం జరిగిందో సరిగ్గా దానికే జవాబుగా ఆ దానం పుట్టింది.

మీరు ఇచ్చేది వెయ్యి రూపాయలైనా ఇదే దారి. మీ మనిషి జీవితంలోంచి దానం రావాలి. నాన్న రిటైరైన టీచరైతే ఒక బడికి నిఘంటువులు. 1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలై ఇప్పటికీ సుల్తాన్‌బజార్‌లో నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయానికి, ముందుగా వారినడిగి, కావలసిన పుస్తకాలు. అమ్మ కుట్టుపనితో మిమ్మల్ని పెంచి ఉంటే ఒక అమ్మాయికి కుట్టుమిషను. రక్తం ఎక్కించడం వల్ల ప్రాణం నిలిచిన బావగారి పేరు మీద మీరే రక్తం ఇవ్వండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గని బరువున్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి.

కార్డు మీద ఏం రాయాలో తోచకపోతే ఇలా రాయండి: ‘నాన్నా, మీరు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మీ నొప్పి గురించి కన్నా వరండాలో చాప లేకుండా పడుకున్నవాళ్ల గురించే ఎక్కువ మాట్లాడారు. ఈ క్రిస్మస్‌కి మీ పేరు మీద అలాంటివారికి దుప్పట్లు ఇస్తున్నాం. పంచడానికి మీరూ రావాలి.’ ఇందులో రూపాయల లెక్క ఎక్కడా లేదు. ఆయన అన్నమాట ఉంది, ఆయనకు ఒక పని ఉంది.

ఎవరికి ఈ తరహా కానుక సరిపడదో కూడా తెలుసుకోండి. చేతికేదో అందాలని ఎదురుచూసే చిన్నపిల్లలకు ముందు బొమ్మ ఇవ్వండి, తర్వాత వాళ్ల చేత్తోనే ఇంకో పిల్లాడికి ఒక బొమ్మ ఇప్పించండి. డబ్బుకు ఇబ్బంది పడుతున్న బంధువు పేరు మీద వేరేవారికి దానం చేయకండి. ఆ సాయం ఆయనకే అందాలి.

ఏడాదిలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి మాత్రం ఇదే అన్నిటికన్నా మంచి కానుక. మొదటి క్రిస్మస్ వాళ్లకు చాలా భారంగా గడుస్తుంది. చుట్టుపక్కలవాళ్లు పోయినవారి పేరెత్తితే బాధపడతారని ఆ పేరే ఎత్తరు. మీరు ఎత్తండి. ఆయనకు ఇష్టమైన పని ఒకటి ఆయన పేరు మీద చేసి, ఆ ఇంటికి వెళ్లి చెప్పండి. కాసేపు కూర్చుని ఆయన గురించి వాళ్లు మాట్లాడుకోనివ్వండి.

ఇవ్వడానికి ముందు అడగండి

రెడ్‌హిల్స్‌లో నీలోఫర్‌తో పాటు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఉంది. ఈ రెండు ఆస్పత్రులకూ దూరపు ఊళ్ల నుంచి వచ్చిన రోగుల వెంట ఒకరో ఇద్దరో ఇంటివాళ్లు ఉంటారు. డిసెంబరు చలిలో వాళ్లకు దుప్పటి, వేడి అన్నం, స్టేషన్‌దాకా ఆటో ఛార్జీ అవసరమవుతాయి. అయినా సరే పొట్లాలు కట్టుకుని నేరుగా వార్డులోకి వెళ్లకండి. రోగులకు పథ్యాలుంటాయి, పసిపిల్లలకు ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది. ముందుగా ఆస్పత్రి ఆఫీసులో అడిగితే ఏ సమయంలో, ఎక్కడ, ఏది ఇవ్వవచ్చో చెబుతారు.

అనాథాశ్రమాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పిల్లల సంరక్షణ గృహం ఏదైనా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మంచి సంస్థలు సంతోషంగా చూపిస్తాయి. పిల్లలు భయపడుతున్నట్టో తిండి లేనట్టో కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. కేకు కోస్తూ పిల్లలతో దిగిన ఫొటోలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. పైగా పదిహేనేళ్ల అమ్మాయి తన క్లాసులో అందరూ ఆ ఫొటో చూస్తారని ఎంత సిగ్గుపడుతుందో ఊహించండి.

ఇంకో మాట. డిసెంబరు 24, 25 తేదీల్లో ఇలాంటి హోములకు చర్చి యువకులు, కాలేజీ పిల్లలు, ఆఫీసులవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కేకులతో వస్తారు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు నోటుపుస్తకాలకు, బూట్లకు వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకని క్రిస్మస్‌కి మాట ఇచ్చి, జూన్‌లో డబ్బు ఇవ్వండి. లేదా నెలనెలా కొంత వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. నెలకు మూడు వందలు మీకు తెలియకుండానే సాగిపోతాయి, వాళ్లకు నమ్మకంగా లెక్క వేసుకునే ఆదాయమవుతాయి.

డబ్బు పంపేటప్పుడు చూసుకోవాల్సినవి ఇవి:

- వాట్సాప్‌లో తిరిగే ‘ఈ రాత్రిలోపు ఆపరేషన్’ క్యూఆర్ కోడ్‌లకు పంపకండి. ఆస్పత్రికో సంస్థకో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. యూపీఐలో కనిపించే ఖాతా పేరు సంస్థ పేరుతో సరిపోవాలి.
- ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. 2 వేలకు మించిన నగదుకు రాదు, వస్తురూపంలో ఇచ్చినదానికీ రాదు. సంస్థ నుంచి విరాళ ధ్రువపత్రం తీసుకోండి.
- విదేశాల్లో ఉన్న పిల్లలు పంపాలనుకుంటే, భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి.
- పాత బట్టలు ఇచ్చేటట్టయితే ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. మీ తమ్ముడికి తొడగలేనిది ఇంకొకరికీ వద్దు.

ఎంత ఇవ్వాలి

మొత్తం ముందు తేల్చుకోండి, పేర్లకు తర్వాత పంచండి. అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి ఇచ్చిన కానుక ఫిబ్రవరిదాకా ఇంట్లో చికాకు పెడుతుంది. పది వేలు పెట్టగలిగితే ఆరు వేలు ఇంటివారికి, రెండు వేలు మనకు పనిచేసి పెట్టేవారికి, రెండు వేలు బయటివారికి అనుకోండి. ఈ లెక్క మీ ఇంటి పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చు, మూడో భాగాన్ని మాత్రం సున్నా చేయకండి.

అది మరీ కష్టమనిపిస్తే మన పల్లె క్రైస్తవ సంఘాల పద్ధతి ఉంది. అమ్మలు అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ కుండను ఆదివారం చర్చికి తెచ్చేవారు. కూలికి వెళ్లే ఇల్లాలు కూడా అలా ఇచ్చేది, ఎవరికీ చెప్పుకునేది కాదు. ఇవాళ జనవరి ఒకటి నుంచి ఒక డబ్బాలో రోజుకు పది రూపాయలు వేస్తే వచ్చే క్రిస్మస్‌కి మూడున్నర వేలు దాటుతుంది.

నాంపల్లిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1938లో మొదలైన నుమాయిష్ ఎగ్జిబిషన్ ఏటా సాధారణంగా జనవరి ఒకటిన తెరుచుకుంటుంది. మనం కొనే టిక్కెట్ల మీద వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. ఎగ్జిబిషన్ మైదానం ఆవరణలోనే సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉన్నాయి. లక్షలమంది చిన్న మొత్తాలు కలిసి తరతరాల ఆడపిల్లలను చదివించాయి. డిసెంబరులో ఎవరికైనా కానుక కుదరకపోతే జనవరిలో వాళ్లను కుటుంబంతో సహా నుమాయిష్‌కు తీసుకెళ్లండి. పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పండి.

ఇచ్చే తీరు

ధర చీటీ తీసేయండి. కొరియర్లో పంపగలిగినా, ఊళ్లో ఉన్నవారికి స్వయంగా వెళ్లి రెండు చేతులా ఇవ్వండి. ‘వాడుతున్నావా?’ అని తర్వాత ఎప్పుడూ అడగకండి. ఇచ్చాక అది వాళ్లది. మీకు వచ్చిన కానుక నచ్చకపోయినా, తెచ్చినవారు ఏం ఆలోచించి తెచ్చారో అడిగి వినండి, మనసారా కృతజ్ఞత చెప్పండి. పిల్లలు ఇచ్చే మర్యాదనూ, పుచ్చుకునే మర్యాదనూ మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు.

ఈ వారం చేయాల్సిన పని

1. నోటుపుస్తకం కొని పేర్లు రాయండి. మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.
2. జవాబు దొరకని ఒక్కరికి ఇవాళే ఫోన్ చేయండి. కానుక మాట చివర్న ఎత్తండి, ముందు బాగోగులు అడగండి.
3. ఒకరి జీవితానికి సరిపడే దానం ఒకటి ఎంచుకోండి. ఆ చోటికి వెళ్లి ‘మీకు ఏం కావాలి?’ అని అడిగి రండి.
4. మొత్తం ఖర్చు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరి ముందూ పెట్టి తేల్చుకోండి.
5. అప్పుడు అబిడ్స్‌కు బయల్దేరండి.

మొదటి ఏడాదే పన్నెండు పేర్లకూ ఇలా చేయడం ఎవరికైనా కష్టమే. ఈ పండక్కి కనీసం ఒకరి చేతిలో వాళ్లకోసమే ఎంచిన కానుక పెట్టండి. ఇంకొకరి మనసులో ఉన్న పనిని వాళ్ల పేరు మీద చేసి చూపండి. వచ్చే క్రిస్మస్‌కి ఆ నోటుపుస్తకంలో ఇంకో రెండు పేజీలు నింపండి.